కానుక ఎటు పోవును? – రెండు ఆంగ్ల పుస్తకములపై విమర్శ

మన పత్రికలో తెలుగు పుస్తకములనే సమీక్షించుట వాడుక. ఈసారి రెండు ఆంగ్ల పుస్తకములను ఎత్తుకొన్నందుకు పాఠకులు మన్నింతురని తలచుచున్నాము. ఒకటి కెస్టర్ బ్రూయిన్ గారు వ్రాసిన ‘ది కాంప్లెక్స్ క్రైస్ట్’ (2004). రెండవది జానీ బేకర్ గారు వ్రాసిన ‘క్యూరేటింగ్ వర్షిప్’ (2010). రెండును ఇంగ్లండులో ‘ప్రత్యామ్నాయ ఆరాధన’ అని పేరుపడిన క్రైస్తవ కూటములనుండి పుట్టినవి. మన నాటాలు తెలుగువారిలో క్రైస్తవులు తక్కువ, రామభజన చేసేవారే ఎక్కువ. అయినను ఈ పుస్తకములు అడుగుచున్న ప్రశ్న ఇరువురికిని తగులుచున్నది, మన తెలుగు బడికి మరీ తగులుచున్నది. ఒక చిన్న సమాజములో మనుషులు తమకు చేతనైనదానిని సంతోషముగా తెచ్చి ఇవ్వవలెనంటే అక్కడ ఏమి ఉండవలెను? అట్లు ఇచ్చినదానిని ఎవరో ఒకరు మింగివేయకుండ ఏమి ఉండవలెను? మొదటి ప్రశ్నకు ఈ రచయితలు చక్కని జవాబు చెప్పినారు. రెండవదానికి చెప్పినారా అన్నది మా సందేహము.

సంగతి తెలియనివారికి కొంచెము చరిత్ర చెప్పవలెను. 1986లో షెఫీల్డు పట్టణములో, క్రూక్స్ పేటలోని సెయింట్ థామస్ గుడిలో, కొందరు యువకులు రాత్రి తొమ్మిది గంటలకు ఒక ఆరాధన మొదలుపెట్టినారు. దాని పేరే ‘నైన్ ఓక్లాక్ సర్వీస్’. కుర్రవాళ్లు శనివారము రాత్రి నాట్యశాలలలో వినే సంగీతమునే గుడిలోనికి తెచ్చినారు. చీకటి, రంగు దీపములు, గోడలమీద కదలు బొమ్మలు. గుడి మొగము చూడని పిల్లలు వందలకొలది వచ్చినారు. తరువాత గ్లాస్గోలో ‘లేట్ లేట్ సర్వీస్’, 1993లో పశ్చిమ లండను ఈలింగులో ‘గ్రేస్’, దక్షిణ లండనులో ‘వాక్స్’ అను కూటములు లేచినవి. 1974లో మొదలైన ‘గ్రీన్‌బెల్ట్’ ఉత్సవము వీరందరికిని కలుసుకొనే తిరునాళ్లవంటిది. 2000 సంవత్సరములో వీరిలో కొందరు కలిసి లండను సెయింట్ పాల్స్ మహాదేవాలయములో నేలమీద ఒక పెద్ద చిక్కుదారిని పరచినారు. వచ్చినవారు చెవులకు శబ్దయంత్రము తగిలించుకొని, మెల్లగా నడచుచు, మధ్యమధ్య ఆగుచు ప్రార్థించినారు. ప్రసంగము లేదు, వేదిక లేదు.

వీరి మొర ఏమనగా, గుడి మనిషిని అడిగేది రెండే రెండు: కూర్చో, తట్టలో డబ్బు వెయ్యి. చిత్రము గీయగలవాడు, సినిమా తీయగలవాడు, కంప్యూటరు తెలిసినవాడు, రొట్టె బాగా చేసేది, మాట పొందికగా వ్రాసేది, వీరందరును తమ నేర్పును గుమ్మము వెలుపల చెప్పులతో పాటు విడిచి లోనికి రావలసినదే. వారమంతా ఆఫీసులో జీతమునకు అమ్ముకొన్న నేర్పును ఆదివారము ఉచితముగా దేవునికిద్దామంటే పుచ్చుకొనే చెయ్యి లేదు. ఈ మాటలో నిజమున్నదని ఏ ఉపాధ్యాయుడైనను ఒప్పుకొనును. తరగతిలో ప్రశ్నకు చెయ్యి ఎత్తిన పిల్లవానిని రెండుమార్లు చూడకపోతే మూడవమారు వాడు చెయ్యి ఎత్తడు.

బ్రూయిన్ గారు లండనులో గణితము బోధించిన ఉపాధ్యాయుడు, వాక్స్ కూటమును నెలకొల్పినవారిలో ఒకరు. మన వృత్తివాడు గనుక మాకు మొదటే కొంచెము పక్షపాతము కలిగినదని దాచము. ఆయన పుస్తకములో నగరమును గూర్చి, చీమల పుట్టవలె పైనుండి ఆజ్ఞ లేకుండనే క్రిందినుండి అమరే వ్యవస్థలను గూర్చి చాలా ఉన్నది. చీమల సంగతి మాకు అంతగా రుచించలేదు. దేవుని సంఘమును, చీమల పుట్టను ఒక త్రాసులో వేసి తూచుటకు మరింత జాగ్రత్త కావలెను. పుస్తకమునకు ప్రాణము కానుకను గూర్చిన భాగములో ఉన్నది. అక్కడ ఆయన అమెరికను రచయిత లూయిస్ హైడ్ గారి ‘ది గిఫ్ట్’ (1983) అను గ్రంథమును ఆధారము చేసికొన్నారు. హైడ్ గారి మాట సారాంశము ఇది. అమ్మిన వస్తువుతో అమ్మినవానికిని కొన్నవానికిని సంబంధము తెగిపోవును. ఇచ్చిన కానుకతో సంబంధము పుట్టును. కాని కానుక ఒకచోట ఆగరాదు. పుచ్చుకొన్నవాడు దానిని మరొకరికి దాటించవలెను. పసిఫిక్ మహాసముద్రములోని ట్రోబ్రియాండు దీవులవారు ఎర్రని గవ్వల హారములను ఒక దిక్కుగా, తెల్లని గవ్వ కడియములను ఎదురు దిక్కుగా దీవినుండి దీవికి పడవలమీద త్రిప్పుచుండిరి. ఎవరును వాటిని శాశ్వతముగా దాచుకోరు. కళయును అటువంటిదేనని హైడ్ గారి వాదము. కవికి మాట తట్టుటయే ఒక కానుక. దానిని పాటగా చేసి లోకమునకు దాటించితేనే మరల ఊట ఊరును.

దీనిని చదువుచున్నప్పుడు మాకు ట్రోబ్రియాండు దీవులకంటె ముందు మన అమ్మమ్మల నోములు గుర్తుకు వచ్చినవి. నోము నోచిన ఇల్లాలు పొరుగు ముత్తైదువను పిలిచి శనగలు, పసుపు, రవికెగుడ్డ చేటలో పెట్టి కొంగు చాటున వాయనమిచ్చును. పుచ్చుకొన్న ఆమె ఆ పూటకు గౌరి అగును. ఆమె తిరిగి ఈమెకు బాకీ తీర్చదు. తన నోమునాడు ఇంకొక ఇంటి ఆడపడుచును పిలిచి ఇచ్చును. చేతినుండి చేతికి పోవుటయే దాని పని. దీనికి ఎదురుగా మన పెండ్లిండ్లలో చదివింపులున్నవి. ఎవరు ఎంత ఇచ్చినారో నలుగురిలో చదివి, పుస్తకములో వ్రాసి, వారింట పెండ్లి వచ్చినప్పుడు ఆ పద్దు చూచి అంతకు తగ్గకుండ చదివించవలెను. అదియు ఒక మర్యాదయే, మేము ఎగతాళి చేయుట లేదు. కాని అది కానుకకంటె అప్పుకు దగ్గర చుట్టము. మన భాషలో ఇంకొక విశేషమున్నది. తెలుగు క్రైస్తవులు గుడి తట్టలో వేసే డబ్బును ‘కానుక’ అనియే అందురు. బిడ్డకు తెచ్చిన బొమ్మయు కానుకయే, తట్టలోని నాణెమును కానుకయే. బ్రూయిన్ గారు విప్పి చెప్పుటకు పుటలు పుటలు పట్టిన సంగతిని మన ముసలివారు ఒక్క మాటలో ముడివేసి పెట్టినారు.

ఇట్లని మనము మీసము దువ్వుకోనక్కరలేదు. మాట మిగిలినది, పని తగ్గినది. ఆ సంగతికి తరువాత వచ్చెదము.

బేకర్ గారి పుస్తకము వేరు ధోరణిది. ఆయన గ్రేస్ కూటమువారు. సృజన, సాహసము, అందరును పాలుగొనుట, లోకముతో సంబంధము అని ఆ కూటము తనకు నాలుగు విలువలను ఏర్పరచుకొన్నది. పుస్తకములో మొదట ఒక వ్యాసము, తరువాత ఇంగ్లండు, న్యూజిలాండు, ఆస్ట్రేలియా మొదలగు చోట్ల ఆరాధనలను కూర్చేవారితో సంభాషణలు. న్యూజిలాండు పాదిరి మార్క్ పియర్సన్ గారినుండి తీసికొన్న ఒక మాటయే పుస్తకమునకు పేరైనది: ‘క్యూరేటరు’. చిత్రశాలలో పటములను ఏర్చి, ఏది ఎక్కడ ఉంచితే చూచేవాని మనస్సు తెరచుకొనునో అట్లు అమర్చి, తాను తెర వెనుకకు తప్పుకొనేవాడు. ఆరాధనను నడిపేవాడు కూడ వేదికమీది గాయకుడుగా గాక ఇట్లుండవలెనని వారి వాదము. వచ్చినవారు ఒకచోట నీళ్లను తాకుదురు, ఒకచోట కాగితముమీద తమ దుఃఖమును వ్రాయుదురు, ఒకచోట ఊరకే కూర్చుందురు. ఎవరి నడక వారిది.

ఈ మాటపై మాకు రెండు అభిప్రాయములున్నవి. మ్యూజియమునుండి వచ్చిన మాట వినగానే మన ప్రాణము ఉలికిపడును. నాటాలులో మన తెలుగును ఇప్పటికే కొందరు అద్దాల బీరువాలో పెట్టుటకు కొలతలు తీయుచున్నారు! చేతితో తాకరాదు అని చీటీ అంటించిన చోటికి గుడిని పోల్చుటయా అనిపించినది. కాని ఆ లాటిను మాటకు మూలార్థము ‘కనిపెట్టి చూచుకొనేవాడు’ అట. ఆ అర్థములో మన భజన గోష్ఠిలో ముందుపాట పాడే పెద్ద సరిగా అట్టివాడే. తాను ఒక చరణము ఎత్తును, వెంటపాటవారు దానిని అందుకొని తిరిగి ఇత్తురు. రెండు పాటలైన పిమ్మట ఆయన తాళములను ప్రక్కవానికి దాటించును. మూలన తలవంచుకొని కూర్చున్న పిల్లను పేరుపెట్టి పిలిచి, ‘అమ్మా, నీకు వచ్చిన రెండు ముక్కలు పాడు’ అనును. పిల్ల శ్రుతి తప్పితే మద్దెలవాడు తానే సర్దుకొనును, పిల్లకు తెలియనీయడు. బేకర్ గారు చెప్పిన నేర్పు ఇదే. తేడా ఏమనగా ఈలింగులో ఒక్కొక్క కూటమునకు కొత్తగా అన్నియు కూర్చవలెను. భజనలో ఉన్నదానినే త్రిప్పి త్రిప్పి పాడుదుము. ప్రతిమారు కొత్తది కావలెనంటే కూర్చేవారికి రొప్పు వచ్చును. ఎప్పుడును పాతదే అయితే పాడేవారికి నిద్ర వచ్చును. బేకర్ గారి సంభాషణలలో ఈ అలసటను గూర్చి ఇంకా అడిగి ఉండవలసినది. ఆఫీసు పని ముగించుకొని రాత్రిళ్లు కూర్చొని తెరలు కుట్టి, బొమ్మలు ఏర్చేవారు ఎన్ని సంవత్సరములు చేయగలరు? ఉచితముగా తెలుగు బడి నడిపినవారికి ఈ ప్రశ్న బాగా తెలియును.

ఇంకొక మాట. ఈలింగు బరోలోనే సౌతాల్ ఉన్నది. అక్కడి గురుద్వారాలలో లంగరు వండుచున్నారు. కులము, మతము అడుగక వచ్చినవారికి పంక్తిలో అన్నము పెట్టుచున్నారు. రోటీ చేయుట ఎవరి పని అంటే వచ్చినవారందరి పని. కానుకను గూర్చి వ్రాసే లండను రచయితలు దక్షిణ సముద్రముల దీవులదాకా పోకుండ బస్సెక్కి అక్కడికి పోయినను చాలా నేర్చుకొనవచ్చును.

ఇప్పుడు కష్టమైన సంగతి. షెఫీల్డు కూటము 1993లో పాండ్స్ ఫోర్జ్ అను క్రీడాభవనములోనికి మారినది. పెద్దలైన బిషప్పులు మెచ్చుకొన్నారు. 1995 ఆగస్టులో అది ఒక్కసారిగా కూలిపోయినది. దానిని నడిపిన పాదిరి తన్ను నమ్మిన స్త్రీలను ఏండ్లతరబడి లోబరచుకొని లైంగికముగా వేధించినాడని బయటపడినది. 2025లో లండను కోర్టు అతనిని స్త్రీలపై పలు అసభ్య దాడుల నేరములకు దోషిగా నిర్ణయించినది. అంటే న్యాయమునకు ముప్పది సంవత్సరములు పట్టినది.

ఈ సంగతిని ఈ ఉద్యమమునకు పట్టిన చీడ అని ఒక వాక్యములో దాటవేయుట సులభము. మాకు అట్లు తోచలేదు. ఎందుకనగా అక్కడ ఔదార్యము తక్కువై ఈ కీడు జరుగలేదు. ఆ యువతీయువకులు తమ జీతములో భాగమిచ్చినారు, రాత్రులు ఇచ్చినారు, తమ కళనంతయు ఇచ్చినారు. అతని ఇంటి పని చేయుటకే కొందరు ఆడపిల్లలను ఒక జట్టుగా ఏర్పరచినారు. దానికి సేవ అని పేరు. సృజనకును కొదవ లేదు, ఇంగ్లండంతయు వచ్చి చూచినది. కొదవ ఒక్కటే. కానుకలన్నియు ఒకే చేతిలోనికి పోయినవి, అక్కడినుండి ఎక్కడికిని దాటలేదు. ‘లెక్క చెప్పుడు’ అని అడుగుటకు ఎవరికిని చోటు లేదు. అడిగినవారు విశ్వాసము లేనివారైరి. హైడ్ గారి సూత్రము ప్రకారము ఆగిపోయిన కానుక చెడును. అది ఎట్లు చెడునో, ఎవరి శరీరములపై చెడునో షెఫీల్డు స్త్రీలు చూచినారు. తప్పు ఇచ్చినవారిది కాదు, ఈ మాట గట్టిగా చెప్పవలెను.

అందుచేత కానుక పద్దుకు లొంగనిది, లెక్కకు మించినది అని బ్రూయిన్ గారు మురిసినచోట మేము ఆగినాము. ఇచ్చేవాడు లెక్క చూడకపోవుట అందము. పుచ్చుకొనే సంఘము లెక్క చూపకపోవుట అపాయము. ఈ రెండింటిని వేరుచేసి చెప్పవలసినది. మా కండ్లకు ఆ వివేచన ఈ రెండు పుస్తకములలోను చాలినంత కనబడలేదు. వాయనమిచ్చిన ఇల్లాలు విలువ కట్టదు, నిజమే. కాని దేవాలయపు హుండీ తెరచునప్పుడు నలుగురు పెద్దలు ప్రక్కన నిలువకపోతే మనము ఊరకుందుమా?

మన నాటాలు కథ ఒకటి ఈ పుస్తకములకు ప్రక్కన పెట్టి చదువదగినది. 1860 నుండి 1911 వరకు 152,184 మంది గిరిమిటు కూలీలు ఇచ్చటికి వచ్చినారు. మద్రాసు ఓడలలో వచ్చినవారిలో మన తెలుగువారు ఉండిరి. అయిదేండ్ల ఒడంబడిక, మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, పిమ్మట ఏడాదికొక షిల్లింగు ఎక్కువ. వారిలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతముల బాప్తిస్టులు కొందరు. వారికి పాదిరి లేడు, గుడి లేదు. తోట పని ముగిసిన పిమ్మట తమలో తామే కూడి ప్రార్థించుకొన్నారు. ఆరాధనక్రమము తెలిసినవారు లేరు గనుక తెలిసినదానిని తెచ్చుకొన్నారు: జ్ఞాపకమున్న కీర్తన, జ్ఞాపకమున్న వాక్యము. ప్రత్యామ్నాయ ఆరాధన అని వారు పేరు పెట్టుకోలేదు, అంతే. ఒక పాదిరిని పంపుడని వారు దేశమునకు వ్రాయగా 1903లో జాన్ రంగయ్య గారు భార్యాబిడ్డలతో వచ్చినారు. ఆ ఏడు డిసెంబరు 27న కియర్స్నీ తేయాకు తోటల వద్ద తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడినది. ఆయనను పంపినది అమెరికనుల డబ్బు కాదు. తెలుగు బాప్తిస్టులు తామే పెట్టుకొన్న హోం మిషను సొసైటీ ఆయనను పంపినది. అక్కడి విశ్వాసులలో అధికసంఖ్యాకులు నిరుపేద కూలీలు. అక్కడి పేదలు ఇక్కడి పేదలకు సముద్రము దాటించిన కానుక అది. ట్రోబ్రియాండు పడవలను గూర్చి చదివినప్పుడు ఈ పడవయు మనకు గుర్తుండవలెను. ఆ కాలములో ఇచ్చట ఒడంబడిక తీరి స్వతంత్రులైనవారిపై 1895 చట్టము ప్రకారము ఏడాదికి మూడు పౌనుల పన్ను ఉండెనని కూడ మరువరాదు. కానుక ఇచ్చుటకు వారి చేతిలో మిగిలినదెంత?

వారు పాడిన పాటలు కూడ ఆలోచింపదగినవి. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) పుట్టుకచే బెంగాలీ బ్రాహ్మణుడు. క్రైస్తవుడై తెలుగులో నూటికి పైగా కీర్తనలు రచించినారు. దొరల పాటకు తెలుగు మాటలు అతికించుట కాదు ఆయన చేసినది. రాగము, తాళము, పల్లవి, చరణము అన్నియు మనవే. భజనలో కూర్చున్నవానికి ఆ కీర్తన పరాయి ఇల్లుగా తోచదు. వాక్స్, గ్రేస్ కూటములవారు తమ యువకులు వినే సంగీతమును గుడికి తెచ్చి సాహసమనుకొన్నారు. మంచిదే. అంతకు నూరేండ్లకు పైగా ముందే ఈ పని తెలుగులో జరిగి, గిరిమిటు కూలీల నోట సముద్రము దాటినది.

నేటి స్థితి ఏమి? మన సంఘములలో కొన్నింటికి వెళ్లి చూడుడు. వాయిద్యము కూలికి మాటలాడుకొన్నది. తెరమీద తెలుగు పాట ఆంగ్లాక్షరములలో నడచును. పిల్లలు అర్థము తెలియక నోరు కదుపుదురు. ఒకచోట, పేరు చెప్పము, ఒక యువకుడు తన డోలు తెచ్చి పాత కీర్తనకు వాయించెదనంటే పెద్దలు ఇది నృత్యశాల కాదని పంపివేసినారు. అదే పెద్దలు వచ్చే ఏడాది యువకులు రావడము లేదని వాపోయినారు. మరియొకచోట ఒక ముసలమ్మ చేతివ్రాత పాటల పుస్తకము బీరువాలో భద్రముగా ఉన్నది. నకలు తీసుకొనుటకు అనుమతి లేదు. ఆమె ఇచ్చినది పాడుకొందురని, దాచిపెట్టుదురని కాదు. భజన మందిరములలో ఈ జబ్బు లేదని ఎవరును సంతోషింప పనిలేదు, ఉన్నది.

ఒక మంచి ఉదాహరణ చెప్పవలెను. కోత పండుగనాడు ఒక చిన్న సంఘములో పండ్లు, కూరలు వేలము వేయుటకు ముందు పిల్లలను వరుసగా నిలిపి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్కటి పెట్టి, దాని తెలుగు పేరును ఇంట అవ్వనడిగి నేర్చుకొని రమ్మన్నారు. చెరకు, మునగకాడ, పసుపు కొమ్ము, గోంగూర. పిల్ల పేరు చెప్పగానే అందరును తిరిగి ఆ పేరే పలికినారు. అయిదేండ్ల పిల్లవాడొకడు గుమ్మడికాయ మోయలేక క్రింద పెట్టి, పేరు మరచి, మా ఇంట దీనిని పులుసు అందురని చెప్పినాడు. సంఘమంతా ‘పులుసు’ అని బదులిచ్చినది. దీనికి ఖర్చు లేదు. ఆలోచన ఒక కుట్టుపని చేసే తల్లిది, ఆమె సంఘములో ఏ పదవిలోను లేరు. బేకర్ గారు ఆ తల్లిని కూడ సంభాషణకు కూర్చోబెట్టి ఉంటే ఆయన పుస్తకమునకు మరియొక మంచి ప్రకరణము వచ్చి ఉండును.

పుస్తకములను చదువదలచినవారికి ఒక సూచన. బ్రూయిన్ గారి గ్రంథములో కానుకను గూర్చిన భాగమును ముందు చదివి, నచ్చితే నగరము, చీమల సంగతికి పోవచ్చును. ఆంగ్లము కొంత బరువైనది, పై తరగతులవారికి గాని తేలికగా పట్టుబడదు. బేకర్ గారిది సులభము. అందులో మొదటి వ్యాసమును వెనుకకు నెట్టి సంభాషణలతో మొదలుపెట్టుట మేలు. హైడ్ గారి మూలగ్రంథము రెండింటికంటెను లోతైనది. అందులో మొదటి సగము మన తెలుగు బడి పెద్ద తరగతికి పాఠముగా పెట్టుటకు తగినదని, నోములు, చదివింపులు ఎరిగిన అవ్వలను ఆ పాఠమునాడు బడికి పిలువవలెనని మా ప్రతిపాదన.